పడవల పటాలంలో తిట్ల కోటా

పదమూడో పడవల పటాలంలో మొన్నమొన్నటిదాకా ఎవరు ఎవర్ని తిట్టినా సొంత పూచీ మీదే తిట్టుకునేవారు. ప్రభుత్వానికి అందులో ప్రమేయం ఉండేది కాదు. అవసరమైనవాడు అవసరమైనంత తిట్టేవాడు, పడ్డవాడు దులుపుకుని పోయేవాడు, సాయంత్రానికి ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవారు. ఇంత ముఖ్యమైన కార్యక్రమం ఇన్నేళ్ళూ ఏ నిబంధనా లేకుండా నడిచిందని తలుచుకుంటే కల్నల్ సౌమ్యనారాయణగారికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పడవల పటాలం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. వరదలొచ్చినప్పుడు మునిగిన ఊళ్ళకి పడవల మీద బియ్యం, ఉల్లిపాయలు, మందుబిళ్ళలు చేరవేయడం వాళ్ళ పని. వరదలు రానప్పుడు ఆ పడవలకే రంగులేయడం వాళ్ళ పని. వరదలు ఏడాదికి ఓసారి వస్తాయి కాబట్టి ఆ పడవల మీద చెక్క కంటే రంగే ఎక్కువ మందంగా ఉండేది.

ఆ పటాలంలో మూడో ట్రూపుకి నాయకుడు సుబేదార్ యాళ్ళ అబ్బులు. గోదావరి మధ్యలో ఓ లంకలో పుట్టినవాడు. మనిషి ఆరడుగులు, మీసం ఓ అడుగు. ఆ మీసం చూసి భయపడ్డవాళ్ళంతా ఆయన నోరు విప్పగానే సిగ్గుపడేవారు. ఎందుకంటే అబ్బులుకి 'అండి' లేకుండా మాట బయటికి వచ్చేది కాదు. జవాన్లని 'అండి' అనేవాడు. రేవులో కుక్క అడ్డంగా పడుకుంటే "కాస్త జరుగుతారా అండి" అనేవాడు. ఓసారి స్టోరులోకి తాచుపాము దూరితే అందరూ బల్లలెక్కేశారు. అబ్బులు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, "ఇటు కాదండి, బయటికి అటండి" అని దారి చూపించాడు. అది కూడా అటే వెళ్ళింది.

మూడో ట్రూపు జవాన్లకి ఆయనంటే ప్రాణం. "ఆ తాడు కాస్త అందుకుంటారా అండి" అని ఆయన పూర్తిచేసేలోపల తాడు ఆయన చేతిలో ఉండేది. అబ్బులుకీ అంతే. పిల్లల్లేని మనిషి. ఆ ముప్ఫైమందే ఆయన సంసారం.

ఇలా సాగిపోతున్న రోజుల్లో ఓ ఉదయం కల్నల్‌గారు ఉప్మా తింటూ ఫోను చూశారు.

కల్నల్‌గారి ఫోనుకి ఆయన బావమరిది రోజూ ఓ విజ్ఞాన విశేషం పంపుతాడు. అంతకుముందు నెలలో మెంతుల నీళ్ళు తాగితే గురి కుదురుతుందని పంపాడు. పటాలం మొత్తం నెల్లాళ్ళు పరగడుపున మెంతుల నీళ్ళు తాగింది. గురి కుదరలేదు కానీ మరుగుదొడ్ల దగ్గర క్రమశిక్షణ పెరిగింది. ఈసారి వచ్చిన విశేషం ఇది: 'ప్రపంచంలో గెలిచిన సేనాపతులందరూ నోటిదురుసు మనుషులే. మెత్తగా మాట్లాడినవాడు యుద్ధం గెలిచిన దాఖలా లేదు. పదిమందికి పంపండి.'

కల్నల్‌గారు పదిమందికి పంపి ఊరుకోలేదు. ఆ పూటే అధికారుల్ని సమావేశపరిచారు.

"మిత్రులారా, మన పటాలం ఇప్పటిదాకా ఒక్క యుద్ధమైనా ఎందుకు గెలవలేదు?"

న్యాయవిభాగం మేజర్ తురగా కామేశం గొంతు సవరించుకున్నాడు. "మనల్ని యుద్ధానికి పంపలేదు కదా సార్."

"అదే! ఎందుకు పంపలేదు? మన నోరు మెత్తన కనుక. ఇక మీదట ఈ పటాలంలో నాయకత్వమంటే కటువుగా మాట్లాడటం. కటువుగా మాట్లాడటమంటే నాయకత్వం. దీనికో సమగ్ర విధానం కావాలి."

కల్నల్‌గారు ఈ మాటలు కూడా ఎంతో మృదువుగా, ప్లేటులో మిగిలిన జీడిపప్పు ఏరుకుంటూ చెప్పారు.

విధానం అన్నారు కాబట్టి సంఘం ఏర్పడింది. దాని పేరు అధికారిక తిట్ల ఎంపిక సంఘం. కల్నల్‌గారు అధ్యక్షులు, కామేశం కార్యదర్శి. ప్రభుత్వం తరఫున తిట్టే తిట్టు ఎవరి మనసూ నొప్పించకూడదు కాబట్టి ప్రతి తిట్టునీ న్యాయపరంగా పరీక్షించాలని తీర్మానించారు. క్షేత్రస్థాయి అనుభవం కోసం సుబేదార్లని కూడా కూర్చోబెట్టారు. అబ్బులు వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మొదట 'గాడిద' చర్చకొచ్చింది.

"సరుకులు మోసేది గాడిదలు. మనమూ మోస్తాం. విభాగం గౌరవానికి భంగం," అన్నాడు కామేశం. కొట్టేశారు.

"వెధవ?"

"దాని పుట్టుక ఆరా తీస్తే భర్త పోయిన స్త్రీల దాకా వెళ్తుంది సార్. మహిళా సంక్షేమంవాళ్ళు కేసేస్తారు."

"సన్నాసి?"

"మతపరమైన మనోభావాలు."

"దద్దమ్మ?"

"చివర అమ్మ ఉంది సార్."

కల్నల్‌గారు నుదురు తుడుచుకున్నారు. "మొద్దు అందాం. మొద్దుకి మనోభావాలు ఉండవు కదా."

"మొద్దు అటవీశాఖవారి ఆస్తి. వాళ్ళ అనుమతి లేకుండా మనం వాడకూడదు."

"పోనీ, పనికిమాలినవాడా?"

కామేశం కళ్ళజోడు తీశాడు. "అసలు చిక్కు ఇక్కడుంది సార్. ప్రభుత్వానికి చెందినదాన్ని దేన్నైనా పనికిమాలినదని ప్రకటించాలంటే ముగ్గురు సభ్యుల బోర్డు కూర్చోవాలి. ఆ తర్వాత వేలం వెయ్యాలి. తిట్టిన ప్రతిసారీ జవానుని వేలం వెయ్యడమంటే..."

"వేస్తే ఎంతొస్తుంది?" కల్నల్‌గారు ఆసక్తిగా అడిగారు.

"ఎక్కువ రాదు సార్."

మూడు వారాలు చర్చించాక తెలుగుభాషలో ఉన్న తిట్లన్నీ అయిపోయాయి. చివరికి కామేశమే రెండు తిట్లు స్వయంగా రచించి ఆమోదం పొందాడు. చిన్న తిట్టు: 'ఓయీ అసంతృప్తికర సిబ్బందీ!' పెద్ద తిట్టు: 'ఓయీ, ఆశించిన ప్రమాణాలకు గణనీయంగా దిగువనున్నవాడా!' రెండోది వినగానే కల్నల్‌గారు కుర్చీలో వెనక్కి వాలి, "అబ్బ, ఎముకల్లోకి దిగింది" అన్నారు.

తిట్టే పద్ధతి కూడా ఖరారైంది. నాయకుడు ముందు తిట్టాలి. పడ్డవాడు సెల్యూట్ కొట్టి "తిట్టు అందింది సార్!" అనాలి. ఆ తర్వాతే ఆజ్ఞ. హోదాని బట్టి కోటా. సుబేదారుకి ఏడాదికి మూడు వందల తిట్లు మంజూరు. మార్చి ముప్ఫై ఒకటిలోగా ఖర్చు చెయ్యాలి. మిగిలితే మురిగిపోతాయి. అంతేకాదు, మిగిల్చినవాడిలో నాయకత్వ లోపం ఉన్నట్టు పరిగణించి, ట్రూపుని లాక్కుని, గుడారాల గోదాముకి బదిలీ చేస్తారు. గుడారాల గోదాము ఊరికి చాలా దూరం. అక్కడ మనుషులుండరు, గుడారాలే ఉంటాయి. అవి కూడా మడతపెట్టి ఉంటాయి.

అబ్బులు ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "మూడొందలంటండి మంగతాయారుగారూ," అన్నాడు భార్యతో. "నా వల్ల ఒక్కటి కూడా కాదండి. నా పిల్లలు నాకు దక్కరండి."

"ఊరుకోండి. ఎందుకు కాదు? నేర్చుకుంటే అదే వస్తుంది," అంది మంగతాయారు. ఆవిడకి వేరే బాధ ఉంది. పక్క క్వార్టర్సులో రెండో ట్రూపు సుబేదారు దండపాణి భార్య పొద్దున్నే గోడమీంచి పలకరిస్తోంది. "మా ఆయనకి గొంతు పూర్తిగా పోయిందండీ వదినగారూ! తేనె, మిరియాలు పెడుతున్నాను. నిన్నొక్కరోజే ఎనిమిది పెద్ద తిట్లట! మీవారికింకా పోలేదా?"

"మా ఆయనకి కనీసం దగ్గయినా రావట్లేదు," అని మంగతాయారు తలుపేసుకుని, చుట్టాలెవరికీ తెలీకుండా మొగుణ్ణి ట్యూషన్లో చేర్పించింది.

అప్పటికే కంటోన్మెంటు గేటు బయట నాలుగు తిట్ల కోచింగు సెంటర్లు వెలిశాయి. బోర్డుల మీద కోపంగా చూస్తున్న హవల్దార్ల ఫొటోలు, వాటి కింద ర్యాంకులు. అబ్బులు చేరినచోట గురువు పానకాలుగారు. ఆయన రైలు టిక్కెట్ల కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి.

"తిట్టక్కర్లేదు నాయనా, ముందు చూడటం మానెయ్యి," అని మొదటి పాఠం చెప్పాడు. "మనిషి ఎదురుగా నిలబడ్డాడా, నువ్వు పెన్ను మూత పెట్టుకో. అదీ పునాది. ఏదీ, నన్ను జవాననుకుని చిన్న తిట్టు తిట్టు."

అబ్బులు కళ్ళు మూసుకున్నాడు, పిడికిళ్ళు బిగించాడు, మీసం వణికింది. "ఓయీ... అసంతృప్తికర సిబ్బందిగారండీ... భోంచేశారా అండి?"

పానకాలుగారు పెన్ను మూత పెట్టుకుని ఫీజు వాపసిచ్చేశారు. ఆయన జీవితంలో డబ్బు వాపసివ్వడం అదే మొదలు.

విషయం మూడో ట్రూపుకి తెలిసిపోయింది. నాయక్ సింహాద్రి, శ్రీకాకుళం మనిషి, ట్రూపులో అందరికంటే పనిమంతుడు, జవాన్లని పడవ వెనక్కి పిలిచాడు. "ఒరే, సారు మనల్ని తిట్టకపోతే గుడారాల్లోకి ఎల్లిపోతారు. తిట్టాలంటే మనం తప్పు సెయ్యాల. అందరూ తప్పులు సెయ్యండి. బాగా సెయ్యండి."

మర్నాటి నుంచీ ఆ ట్రూపు ప్రాణం పెట్టి తప్పులు చేసింది. ఒకడు పడవకి గులాబీరంగు వేశాడు. అబ్బులు అటు తిరిగి, ఇటు తిరిగి చూసి, "పెళ్ళికళ వచ్చిందండి" అన్నాడు. ఇంకొకడు సాంబారులో వార్నిషు పోశాడు. "రుచి సంగతలా ఉంచండి, గిన్నె మెరిసిపోతోందండి" అన్నాడు అబ్బులు. ఆఖరికి సింహాద్రి లంగరు ఎత్తి, తాడు కట్టకుండా ఏటి నడిమధ్యలోకి విసిరేశాడు. బుడుంగుమంది. అబ్బులు ఆ బుడగలు ఆగేదాకా చూసి, సింహాద్రి భుజం మీద చెయ్యేశాడు.

"పోన్లెండి. పడవ తేలికైంది."

సింహాద్రికి ఏడుపొచ్చింది. "సారూ, మీరలగనకండి బాబూ. ఒక్కటి, చిన్నదే. నా మొకం సూడకండి. ఆ గోడొంక సూసి తిట్టీండి. నాను అందిందని రసీదు సెప్పేస్తాను."

అబ్బులు గోడవంక చూశాడు. నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు. తర్వాత నెమ్మదిగా మూసి, "పాపం గోడేం చేసిందండి" అన్నాడు.

మార్చి వచ్చింది.

మార్చి నెల గురించి ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాదంతా దాచుకున్న తిట్లని అధికారులు గంపగుత్తగా ఖర్చుపెట్టడం మొదలుపెట్టారు. తిట్టడానికి జవాన్లు చాలలేదు. ఒకే జవానుని పొద్దున్న ఒకరు, మధ్యాహ్నం ఒకరు పంచుకున్నారు. దోబీని తిట్టారు. పాలవాణ్ణి తిట్టారు, వాడు కంగారుపడి నీళ్ళు కలపడం మానేశాడు. "ఆశించిన ప్రమాణాలకు" అనే కేక, దాని వెంట "అందింది సార్!" అనే కేక తెల్లారి మొదలై పొద్దుగూకేదాకా మోగుతూనే ఉండేవి. కంటోన్మెంటులో పిచ్చుకలు ఏటి అవతలకి మకాం మార్చేశాయి. దండపాణి తన మూడు వందలూ ఎప్పుడో వాడేసి, అదనపు కోటా తెప్పించుకుని, అదీ వాడేసి, ఓ సాయంత్రం అబ్బులు దగ్గరికొచ్చి బొంగురు గొంతుతో అడిగాడు.

"నీ దగ్గర ఊరికే మూలుగుతున్నాయి కదా బావా. ఓ యాభై సర్దకూడదూ?"

"అన్నీ పట్టుకుపోండి అండి," అన్నాడు అబ్బులు సంతోషంగా. కానీ తిట్లు బదిలీ కావని కామేశం తేల్చేశాడు.

నెలాఖరు రోజున ప్రధాన కార్యాలయం నుంచి జనరల్‌గారు తనిఖీకి వచ్చారు. కోటా ఎవరెంత వాడారో సాయంత్రం చూస్తారు. ముందుగా పొద్దున పడవల విన్యాసం. దండపాణి పడవ రంగులో, అరుపులో, అన్నిట్లోనూ మొదటిది కాబట్టి జనరల్‌గారిని అందులోనే ఎక్కించారు. ఆయన పడవ ముందుభాగంలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. అబ్బులు పడవ వెనకాల వస్తోంది. అది గులాబీరంగు పడవ కాబట్టి ఎవరికీ కనబడకుండా వెనక పెట్టారు. అబ్బులు తన ముప్ఫైమందినీ ఒక్కొక్కర్నీ చూసుకుంటున్నాడు. సాయంత్రానికి వీళ్ళు తనవాళ్ళు కారు.

ఆవేళే ఎగువన ఆనకట్టవాళ్ళు గేట్లెత్తారు. నడి ఏటిలోకి రాగానే నీటి వడికి, ఒడ్డు నుంచి తెచ్చి దండపాణి పడవ గుంజకి కట్టిన తాడు జారిపోయింది. పడవ గిర్రున తిరిగి, దిగువనున్న బండరాళ్ళవైపు బయల్దేరింది.

దండపాణి నిబంధన తప్పే మనిషి కాదు. "ఓయీ," అని మొదలుపెట్టాడు, "ఆశించిన ప్రమాణాలకు గణనీయంగా దిగువనున్నవాడా!"

తెడ్లు పట్టుకున్న పదిమందీ తెడ్లు వదిలేసి, లేచి నిలబడి, సెల్యూట్ కొట్టారు. "తిట్టు అందింది సార్!"

"ఒక్కణ్ణే తిట్టాను. పదిమంది ఎలా అందుకుంటారు?"

"ఎవరికో తెలీలేదు సార్!"

"అయితే అది చెల్లదు. మళ్ళీ తిడతాను. ఓయీ..."

ఒడ్డునుంచి కల్నల్‌గారు మైకులో దండపాణిని చిన్న తిట్టు తిట్టారు. దండపాణి జవాన్లని తిట్టడం ఆపి, ఒడ్డువైపు తిరిగి సెల్యూట్ కొట్టి రసీదు చెప్పాడు. కల్నల్‌గారు ఆజ్ఞ ఇవ్వబోయేసరికి జనరల్‌గారు కల్నల్‌గారిని పెద్ద తిట్టు తిట్టారు. కల్నల్‌గారు మైకు పక్కనపెట్టి అటెన్షన్‌లో నిలబడి, "తిట్టు అందింది సార్!" అన్నారు. కామేశం ఆయన పక్కనే నిలబడి అంతా పద్ధతి ప్రకారం జరుగుతున్నందుకు తల పంకించాడు. బండరాళ్ళు దగ్గర పడుతున్నాయి.

"అయ్యో అయ్యో," అన్నాడు అబ్బులు. "సింహాద్రిగారూ, ఆ తాడు కొస ముందుకి విసరండి బాబూ. చివర కూర్చున్నవారు కాస్త తెడ్డు ఎడమకేస్తారా అండి. ఆయ్, అంతేనండి. దండపాణిగారూ, ఆ తాడందుకుని గుంజకి చుట్టండి. జనరల్‌గారూ, తమరు కాస్త కూర్చోండి, పడవ ఊగుతోందండి."

జనరల్‌గారు ఠక్కున కూర్చున్నారు. ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు లేక చాలా ఏళ్ళయింది. గులాబీరంగు పడవ, దండపాణి పడవని లాక్కుంటూ మెల్లగా రేవు చేరింది. జనరల్‌గారి టోపీ తప్ప ఏదీ కొట్టుకుపోలేదు.

అంతటితో కథ కంచికి పోవాలి. కానీ ప్రభుత్వంలో ప్రాణం దక్కితే విచారణ జరగాలి. తిట్టకుండా ఇచ్చిన ఆజ్ఞని జవాన్లు ఎలా పాటించారన్నది ప్రశ్న. కామేశం సింహాద్రిని బోనులో నిలబెట్టాడు.

"సుబేదారు చెప్పింది నువ్వెందుకు చేశావు?"

"ఆయన సెప్పినారు గదండి."

"తిట్టలేదు కదా?"

"నేదు."

"మరి భయం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"భయమేటి బాబూ? తాడు ఇసరమన్నారు, ఇసిరినాను."

"సాక్షి భయం వల్ల నిజం దాస్తున్నాడు," అని కామేశం రాయించాడు. తర్వాత సుబేదారు ఖాతా తెప్పించి చూశాడు. చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సార్! ఈయన ఏడాదంతా ఒక్క తిట్టు కూడా వాడలేదు. మూడు వందలూ నిల్వ ఉన్నాయి!"

కల్నల్‌గారి ముఖం వెలిగిపోయింది. "కామేశం, అర్థమైందా? తిట్టినవాడి దగ్గర తిట్టు ఖర్చైపోయింది, ఇక వాడికెవడు భయపడతాడు? ఈయన దగ్గర మొత్తం ఉంది. ఆనకట్ట వెనక నీళ్ళలాగా! అది ఏ క్షణాన తెగుతుందోనని జవాన్లు వణికిపోయి తాడు విసిరారు. దీన్నే నిల్వ కాఠిన్యం అంటారు."

"ఎవరంటారండి?" అన్నాడు అబ్బులు.

"ఇప్పుడు నేనన్నాను."

మర్నాడు కొత్త ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఎవరూ ఎవర్నీ తిట్టకూడదు, పొదుపు చెయ్యాలి. మిగిలిన తిట్లు వచ్చే ఏడాదికి కలుస్తాయి. సుబేదార్ అబ్బులుని సుబేదార్ మేజర్ చేశారు. ట్రూపు ఆయన దగ్గరే ఉంటుంది. కంటోన్మెంటు గేటు దగ్గర పెద్ద బోర్డు కట్టి, దాని మీద ఎర్ర లైట్లతో రాయించారు: 'నిల్వ: 300. శత్రువులు గమనించగలరు.'

మంగతాయారు ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగి చుట్టాలందరికీ పంపింది. దండపాణి భార్య ఆ రోజు గోడ దగ్గరికి రాలేదు.

అబ్బులు తన ట్రూపు తనకి దక్కిందన్న ఆనందంతో రేవుకి పరిగెత్తాడు. "ఏవండోయ్! నేను ఎక్కడికీ వెళ్ళట్లేదండోయ్!"

ముప్ఫైమందీ లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

ఏం జరిగిందంటే, పటాలమంతా పొదుపు మొదలైంది. నిన్నటిదాకా గొంతు చించుకున్న దండపాణి ఇప్పుడు "బంగారు తండ్రీ, ఆ బస్తా దించుతావా నాయనా" అంటున్నాడు. ఒక్కో తీపిమాట వెనక ఎన్ని తిట్లు పోగవుతున్నాయో అని జవాన్లు లెక్కలేసుకుని చెమటలు కక్కుతున్నారు. మొదటి ట్రూపులో ఒకణ్ణి హవల్దారు "చిట్టీ" అని పిలిచేసరికి స్పృహ తప్పాడు. ఇక బోర్డు మీదికి లెక్కెక్కిన మనిషి 'అండి' అంటే చెప్పేదేముంది? పొద్దున్నుంచీ గేటులోంచి వస్తూ పోతూ ఆ మూడు వందల్ని చూసి చూసి, మూడో ట్రూపువాళ్ళకి కూడా అనుమానం పట్టుకుంది. నిజంగానే ఉన్నాయేమో. అన్నీ ఒకేసారి అంటే?

వారం గడిచేసరికి బెంచీ మీద అబ్బులు ఒక్కడే టీ తాగుతున్నాడు. ఆయన రేవులోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. తాడు అడగకముందే అందిస్తున్నారు, కానీ కళ్ళు ఆయన వైపు ఎత్తట్లేదు. ఆ సాయంత్రం సింహాద్రి ఎదురుపడితే అబ్బులు ఓ గ్లాసు చేతికిస్తూ ఆప్యాయంగా అడిగాడు. "టీ తాగుతారా అండి?"

సింహాద్రి చేతిలో గ్లాసు టకటకా కొట్టుకుంది. టీ సగం బూటు మీద పడింది. "తప్పయిపోనాది సార్," అన్నాడు, నేలచూపులు చూస్తూ.

అబ్బులుకి గుండెల్లో ఎవరో తెడ్డుతో పొడిచినట్టయింది. ఇంతకంటే గుడారాల గోదామే నయం, అక్కడ గుడారాలు కనీసం వణకవు. ఆయన మీసం అదిరింది. ముఖం ఎర్రబడింది. లోపల ఎక్కడో లంకలో, వాళ్ళ మేనమామ ఆయన్ని ఏట్లో ఈతకి తోసేటప్పుడు అన్న మాట ఒకటి, ఇన్నేళ్ళూ అడుగున పడి ఉన్నది, బుడుంగున పైకి తేలింది.

"ఓరి ఎదవ సన్నాసీ!" అన్నాడు అబ్బులు. "నేన్రా నీ అబ్బులు సార్ని! నోరుమూసుకుని కూర్చుని టీ తాగరా, దద్దమ్మా!"

రేవు రేవంతా బిగుసుకుపోయింది. సింహాద్రి తలెత్తి చూశాడు. మెల్లమెల్లగా ఆ ముఖం విప్పారింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు మాత్రం ముప్ఫైరెండూ కనిపిస్తున్నాయి.

"సారూ," అని బెంచీ మీద కూలబడ్డాడు. "ఇదేటి సారూ, ఇంత కమ్మగుంది. ఇంకోటనండి బాబూ!"

"మరి నాకో?" అన్నాడు పడవకి గులాబీరంగు వేసినవాడు, చోటు కోసం తోసుకుంటూ. "నాకు లేదా సార్? వార్నిషు పోసింది నేను!" అన్నాడు ఇంకొకడు. చీకటి పడేలోగా ముప్ఫైమందికీ తలొక తిట్టూ, తలొక టీ అందాయి. అబ్బులుకి తిట్లు చాలక మేనమామవి అయిపోయి, పెద్దమ్మవి మొదలుపెట్టాల్సొచ్చింది. అందరూ వెళ్ళిపోబోయే వేళకి ఆయన అలవాటుగా, "జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాడు. ఒక్కరూ వణకలేదు.

మర్నాడు కల్నల్‌గారు ఒళ్ళు మండిపోతూ కామేశాన్ని పిలిపించారు. నిల్వ కాఠిన్యం చెదిరిపోయింది, ఇప్పుడు బోర్డు మీద ఎంత వెయ్యాలి? కామేశం పుస్తకాలు తిరగేసి నిట్టూర్చాడు.

"ఎదవ, సన్నాసి, దద్దమ్మ... ఇవేవీ మంజూరైన తిట్లు కావు సార్. మన సంఘమే కొట్టేసింది. కాబట్టి న్యాయపరంగా సుబేదార్ మేజర్ ఎవర్నీ తిట్టనట్టే. నిల్వ మూడు వందలూ యథాతథం."

"మరి నిన్న రేవులో జరిగింది ఏమిటి?"

"ప్రభుత్వానికి తెలియనిది సార్. సొంత పూచీ."

కల్నల్‌గారు కాసేపు కిటికీలోంచి రేవువైపు చూశారు. అక్కడినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ ఫోను, ఆ బావమరిది, ఆ సంఘం, అన్నీ ఒక్కసారి ఆయన మీద బరువుగా కూర్చున్నాయి. సాయంత్రం టోపీ చంకలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా రేవుకి నడిచి వెళ్ళి, బెంచీ చివర నిలబడ్డారు. జవాన్లు లేవబోతే వద్దని చెయ్యూపారు.

"అబ్బులూ, నాకు ఈ హోదా వచ్చాక నన్ను మంజూరైనవి తప్ప ఎవరూ ఏమీ అనలేదయ్యా."

"తమర్నా అండీ? ఎలాగండీ బాబూ," అన్నాడు అబ్బులు, కంగారుగా గ్లాసు కడుగుతూ. కల్నల్‌గారు కదల్లేదు. అబ్బులు ఆయన్ని ఎగాదిగా చూశాడు. జుట్టు చెదిరిపోయి ఉంది, బూటు తాడు ఊడిపోయి ఉంది. జాలేసింది.

"ఏవయ్యా మతిలేని మనిషీ," అన్నాడు చివరికి, టీ చేతికిస్తూ. "ఆ తాడు తొక్కి పడతావు. కూర్చుని కట్టుకో ముందు."

కల్నల్ సౌమ్యనారాయణగారు మడమలు కలిపి, ఒక చేత్తో టీ గ్లాసు జాగ్రత్తగా పట్టుకుని, రెండో చేత్తో సెల్యూట్ కొట్టారు.

"తిట్టు అందింది," అన్నారు. అని, సింహాద్రి పక్కన సర్దుకుని కూర్చుని, బూటు తాడు కట్టుకున్నారు.